ఫ్యాన్ హౌస్ వైపు

మంగళవారం

బొగ్గు కోసమే వెళ్లాను. నాకు అక్కడ వేరే పనేమీ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. నడుముకు తాళాల గుత్తి. ఆ తాళాలు పట్టే తలుపుల్లో సగం ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. అయినా గుత్తి మాత్రం వదలడు.

"మళ్లీ వచ్చావా అమ్మాయ్?" కళ్లు తెరవకుండానే అడిగాడు.

"పొయ్యి ఊరుకోవడం లేదు బాబాయ్."

"ఏరుకుని పో. లోపల తిరక్కు. ఏ రేకు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం."

తిరిగాను. ముందు బెల్టు షెడ్డుకు వెళ్లాను. బెల్టు రబ్బరు లేదు, కింద ఇనప రోలర్లు మాత్రం వరసగా ఉన్నాయి. చేత్తో తోస్తే ఒకటి గిర్రున తిరిగింది, పక్కది కదల్లేదు. నేను నిలబడి బొగ్గులోంచి రాళ్లు ఏరిన చోట సిమెంటు గుంట పడింది. పెళ్లయిన ఏడాది నుంచి గని ఆగిన రోజు దాకా అక్కడే నిలబడ్డాను. అరిగింది నా కాళ్లే అనుకున్నాను ఇన్నాళ్లూ, నేల కూడా అరిగింది.

గని మూసేశామని కంపెనీ ఎప్పుడూ అనలేదు. 'తాత్కాలికంగా ఆపడమైనది' అని గోడకు బోర్డు కొట్టి వెళ్లారు. ఆ బోర్డూ తుప్పు పట్టింది.

మా ఆయన వెళ్లి మూడో నెల నడుస్తోంది. కొండల అవతల పెద్ద గనిలో ఫ్యాన్ ఆపరేటర్ కావాలన్నారని వెళ్లారు. బస్సు ఎక్కించడానికి వీధి వీధంతా వచ్చింది. మామయ్య అయితే తనే ఉద్యోగంలో చేరబోతున్నట్టు కొత్త చొక్కా తొడుక్కున్నారు. అక్కడికి చేరాక "పని దొరికింది" అని ఒక్కసారి ఫోను చేశారు. ఆ తరవాత స్విచ్ఛాఫ్. కొండల మధ్య సిగ్నల్ ఉండదు అంటారు మామయ్య. ఆ కొండలు తనెప్పుడు చూశారో మరి.

గురువారం

ఫోను లేదు.

శనివారం

ఈ రోజు దీపాల గది చూశాను. షిఫ్టుకు వెళ్లేవాళ్లకు టోపీ దీపాలు ఇచ్చే కిటికీ అలాగే ఉంది. చెక్క అంచు మీద మోచేతులు ఆనించి ఆనించి నునుపెక్కింది. లోపల ఖాళీ కొక్కేలు, విరిగిన బల్ల, గోడ మీద ఎవరో బొగ్గుతో గీసిన మేనేజరు బొమ్మ. బొమ్మకు పొట్ట మరీ పెద్దగా వేశారు గానీ, పోలిక కుదిరింది.

నేల ఊడ్చి ఉంది. చెత్తంతా ఒక మూల కుప్ప చేసి ఉంది. ఇక్కడి గాలికి చీపురు పట్టే అలవాటు కూడా ఉన్నట్టుంది.

"లోపల నువ్వు ఊడుస్తున్నావా బాబాయ్?" అని వచ్చేటప్పుడు అడిగాను.

"నా ఇల్లే నేను ఊడవను" అన్నాడు.

హాలేజీ ఇంజన్ గదిలో బొగ్గు టబ్బులు లాగే ఇనప తాడు ఇంకా డ్రమ్ముకు చుట్టే ఉంది. దాని మీద దుమ్ము వేలి మందాన ఉంది. అక్కడి నుంచి పట్టాలు గని నోటి దాకా పోయి, ఇటుక గోడ దగ్గర ఆగిపోతాయి. ఆ గోడ కంపెనీ వాళ్లు వెళ్తూ వెళ్తూ కట్టించింది. గోడకు చెవి పెట్టి విన్నాను. ఎందుకు విన్నానో నాకే తెలియదు.

గనికి గాలి ఆడించే పెద్ద ఫ్యాను ఉన్న ఫ్యాన్ హౌస్ వైపు వెళ్లలేదు. అటు బొగ్గు ఉండదు. పైగా ఎక్కుడు, నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఇంటికి వచ్చేసరికి మామయ్య వరండాలో దగ్గుకుంటూ పక్కింటాయనకు చెబుతున్నారు. "మావాడి ఛాతీ నాలాంటిది కాదండీ. నేను బొగ్గు కొట్టాను, దుమ్ము తిన్నాను, అనుభవిస్తున్నాను. వాడు ఫ్యాను పక్కన దొరలా కూర్చుని పని చేశాడు. అందుకే పెద్ద గనివాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు."

గనిలోని దుమ్మంతా బయటికి లాగి పోసేది ఆ ఫ్యానే. అది పోసేది ఈయన కొడుకు ముఖం మీదే. కానీ మామయ్య ముఖం అంతలా వెలిగిపోతుంటే ఆ మాట ఎలా అంటాను? నీళ్లు తెచ్చిచ్చి లోపలికి వచ్చేశాను.

సోమవారం

టైలరక్క కొట్లో పొద్దంతా కాజాలు కుట్టాను. అక్క మిషను ఆగినా నోరు ఆగదు.

"మీ ఆయన కబురేమైనా ఉందా?"

"ఉంది."

"ఏమన్నాడు?"

"బాగున్నానన్నారు."

"నాకెందుకులే గానీ, ఆ గని లారీ డ్రైవరు మొన్న ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చాడు. అడిగితే, ఈ ఊరి నుంచి వచ్చిన ఫ్యాన్ ఆపరేటరు ఎవరూ లేరన్నాడు."

"అంత పెద్ద గనిలో లారీవాడికి అందరూ తెలుస్తారా ఏంటి?" అని ఒంటికాలి మీద లేచాను. అక్క మూతి ముడుచుకుంది. ఆ తరవాత కుట్టిన కాజాలన్నీ వంకర పోయాయి. విప్పి మళ్లీ కుట్టాను.

లారీవాడికి ఏం తెలుసు. లారీవాడికి ఏం తెలుస్తుంది.

మంగళవారం

పంపు గది వెనక తీగ మీద చొక్కా ఆరేసి ఉంది. నీలం రంగుది. గుండీలు చూశాను. గుండీ కింద దారం గట్టిగా చుట్టి, ముడి లోపలికి దాచెయ్యడం నా పద్ధతి. అయితే ఏంటి? ఈ ఊళ్లో సగం చొక్కాల గుండీలు నా చేతి మీదుగానే పోయాయి.

చొక్కా ఇంకా తడిగానే ఉంది.

"ఎవరక్కడ?" అన్నాను. తరవాత "ఏవండీ" అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతు షెడ్డు రేకులకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది.

గోనె నింపుకుని వచ్చేశాను. బొగ్గు కోసమే కదా వెళ్లింది.

బుధవారం

ముసురు. వెళ్లలేదు.

మబ్బు పట్టిన రోజు గని ఊపిరి వదులుతుంది, ఎండ కాసిన రోజు పీలుస్తుంది. కొత్తగా పెళ్లయినప్పుడు ఆయన చెప్పారు. ఫ్యాన్ హౌస్ గోడకు గాలి బరువు చూసే మీటరు ఒకటి ఉండేది. దాని ముల్లు దిగిందంటే లోపలి చెడు గాలి సందు దొరికిన చోటల్లా బయటికి వస్తుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. అగ్గిపుల్ల గీస్తే ఆరిపోతుంది, మనిషీ అంతే అన్నారు. నేను భయపడితే, "నువ్వు మాత్రం తక్కువా, మబ్బు పడితే చాలు నిట్టూర్పులు మొదలెడతావు" అని ఏడిపించారు. ఫ్యాను తిరిగినన్నాళ్లూ ఆ భయం లేదు. ఇప్పుడు ఆగింది కాబట్టి ముసురు రోజున అటు ఎవరూ పోకూడదు. అందుకే వెళ్లలేదు.

అక్కడ ఎవరైనా ఉంటే వాళ్లకూ తెలిసే ఉంటుంది.

శుక్రవారం

ఉన్నారు.

శనివారం

నిన్న రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తాను.

ఫ్యాన్ హౌస్‌కు వెళ్లే ఎక్కుడు దారిలో గడ్డి నడుమెత్తు పెరిగింది. కానీ మధ్యలో ఒక మనిషి పట్టేంత మేర నలిగి ఉంది. మోకాళ్లు ఏమీ అనలేదు. మోటారు గది తలుపు తోస్తే చప్పుడు చెయ్యకుండా తెరుచుకుంది, బందులకు గ్రీజు పెట్టి ఉంది. మోటారు తళతళలాడుతోంది. మూల గోనెసంచులు పరిచిన పక్క, మూడు ఇటుకల పొయ్యి, నేను సర్ది పంపిన గుడ్డ సంచి. మోటారు వెనక దొంగలా నిలబడి ఆయన. గడ్డం పెరిగింది. సగం మనిషి అయిపోయారు.

"ఎప్పుడొచ్చారు?" అన్నాను. ఊరి నుంచి వచ్చినవాళ్లను గుమ్మంలో అడిగినట్టు అడిగాను.

"చాలా రోజులైంది."

"మరి పని?"

"ఛాతీ ఫొటో తీశారు. వెలుతురుకు పెట్టి చూసి, నువ్వు పనికిరావు పొమ్మన్నారు. నాన్నకున్నదే నాకూ ఉందట."

"దొరికిందని ఫోను చేశారుగా?"

"ఫొటోకి ముందు చేశాను. ఎలాగూ తీసుకుంటారనుకున్నా."

"ఇంటికి రావచ్చు కదా."

"వచ్చి? నాన్న వరండాలో కూర్చుని ఎవరికి ఏం చెబుతుంటాడో నాకు తెలీదా? బస్సు దాకా వచ్చినవాళ్లకి ఏ ముఖం చూపించను?"

"నాకు చూపించొచ్చుగా ఆ ముఖం."

ఆయన మోటారు మీద లేని దుమ్ము తుడిచారు.

"మంగళవారం పిలిచాను. వినబడిందా?"

"వినబడింది."

"అంతకు ముందు?"

"నువ్వొచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నా. ఈ కిటికీలోంచి బెల్టు షెడ్డు కనబడుతుంది. అంత బరువు నెత్తికెత్తుకోకు, నడుం పట్టేస్తుందని చెబుదామనుకునేవాణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. నెలల తరబడి నేను ఫోనుకు అతుక్కుని చచ్చి బతుకుతుంటే, ఈ మనిషి కిటికీలోంచి నా నడుం గురించి బెంగపడుతున్నాడు. పడుతున్నాడు అనే రాస్తాను. ఈ ఒక్క పూటకీ ఆయనకు మర్యాద లేదు.

తరవాత ఏడ్చాను. ఆయన ఏడవలేదు, దగ్గారు. మామయ్య దగ్గే, తేడా లేదు.

వాచ్‌మన్ బాబాయ్‌కి తెలుసా అంటే, "తెలిసే కళ్లు మూసుకుని కూర్చుంటాడు" అన్నారు. మామయ్యకు చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. ఎన్నాళ్లు అంటే, గని తెరిచేదాకా అన్నారు.

"తెరుస్తారా?"

"తెరవకపోతే మూసేశామనే రాసేవాళ్లు. తాత్కాలికంగా అని ఎందుకు రాస్తారు? తెరిచిన రోజున మొదట కావలసింది ఫ్యానే. గాలి లేకుండా ఒక్కడూ లోపలికి దిగడు. అప్పుడు నన్ను పిలవక చస్తారా? పాత గనివాళ్లు బతిమాలితే పెద్ద ఉద్యోగం వదులుకుని వచ్చానని నాన్నకు చెప్పొచ్చు."

అందుకే మోటారుకు గ్రీజు పెడుతున్నారు. ఇరుసు వంగిపోకుండా రోజూ కాస్త చేత్తో తిప్పుతున్నారు. ఇక్కడికి ఛాతీ ఫొటో అడిగేవాళ్లు రారా అని అడగాలనుకున్నాను. అడగలేదు. మనిషి దొరికాడు. దొరికిన మనిషితో బేరాలేంటి అనిపించింది. ఒప్పుకున్నాను.

మంగళవారం

ఫోను వచ్చిందని మామయ్యకు చెప్పాను.

"ఏమన్నాడు?"

"బాగున్నారట. గది దొరికిందట."

"ఎలాంటి గది?"

నేను అంత దూరం ఆలోచించుకోలేదు. "మేడ మీద గది. కిటికీ తూర్పుకు ఉందట."

"వెలుతురు వస్తుంది" అని మామయ్య తృప్తిగా తలాడించారు. సాయంత్రానికి ఆ కిటికీ సంగతి వీధి చివరిదాకా వెళ్లిపోయింది.

శుక్రవారం

గోనెలో అడుగున అన్నం డబ్బా, పైన మడిచిన ఇంకో గోనె. వెళ్లేటప్పుడు అలా, వచ్చేటప్పుడు బొగ్గు. వాచ్‌మన్ బాబాయ్ గోనె వైపు చూసి, "ఈ మధ్య బొగ్గుకు కూర వాసన వస్తోంది" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

టైలరక్క అడిగింది, "బొగ్గు ఏరడానికి వెళ్తూ తల దువ్వుకుంటావేంటే?" నాకు సిగ్గేసింది. ఈ వయసులో సొంత మొగుణ్ణి దొంగచాటుగా కలుసుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆదివారం

మామయ్య ఆగడం లేదు. రోజుకో ప్రశ్న. పక్క గదిలో ఎవరుంటారు? గురక పెట్టే ఎలక్ట్రీషియన్. పైఅధికారి ఎలాంటివాడు? కోపిష్ఠి, కానీ ఈయనంటే గురి. అన్నం ఎక్కడ? కింద మెస్సులో, కాస్త కారం ఎక్కువట. ఒక్కోటీ చెప్పేటప్పుడు తడుముకోవడం లేదు. నాలుక మీద సిద్ధంగా ఉంటున్నాయి.

అక్కడున్న ఆయన ఇక్కడున్న ఆయనకంటే హుషారు. దగ్గు లేదు. కొత్త బూట్లు కొనుక్కున్నారు. నన్ను కూడా తీసుకెళ్లిపోతానన్నారు. ఈ చివరి మాట మామయ్యకు చెప్పలేదు. ఇది నాకోసమే అనుకున్నాను.

బుధవారం

గొడవ పడ్డాం.

పంపు గది దాకా వెళ్లి నీళ్లు తెచ్చుకోవడానికి మధ్యలో కూర్చుంటున్నారు. కూర్చుని, చెప్పులో రాయి పడినట్టు నటిస్తున్నారు. "ఇంటికి పదండి. మీ నాన్నగారి మంచం పక్కన ఇంకో మంచం వేస్తాను. ఇద్దరూ కలిసి దగ్గుకుందురు గాని" అన్నాను. తప్పు మాటే. కోపంలో వచ్చేసింది.

"గని తెరవనీ" అన్నారు.

"తెరవకపోతే?"

"తెరవనీ అన్నానా!"

తరవాత తనే మెత్తబడి, ఎవరైనా వస్తే ఎక్కడ దాక్కుంటారో చూపించారు. మోటారు గది వెనక గోడకు ఒక ఇనప తలుపు. అది తీస్తే ఇద్దరు నిలబడేంత ఇరుకు చోటు. దాని అవతల ఇంకో ఇనప తలుపు. ఆ రెండోది తీస్తే గాలి దారి, నేరుగా గనిలోకి. రెండు తలుపులూ ఒక్కసారి తెరవకూడదు. తెరిస్తే ఫ్యాను గనిలోని గాలిని వదిలేసి బయటి గాలినే లాక్కుంటుంది, లోపలున్నవాళ్లకు ఊపిరాడదు. ఒకటి మూసి, రెండు వైపుల నుంచీ తిరిగే దాని గడియ పెట్టాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి. ఈ పద్ధతి ఈయన ఒంట్లోకి ఎంత ఇంకిందంటే, ఇంట్లో కూడా వీధి తలుపు వేసేదాకా పెరటి తలుపు తియ్యరు. దొంగలంటే భయం కాబోలు అల్లుడికి అనుకునేది మా అమ్మ.

రెండో తలుపు అడుగున తుప్పు తినేసి చెయ్యి దూరేంత కన్నం పడింది. వేలు పెడితే చల్లగా తగిలింది.

"ఇక్కడ వద్దు" అన్నాను.

"ఎంతసేపు, వాళ్లు చూసి పోయేదాకా."

"అయితే మొదటి తలుపు వెయ్యకండి. ఓరగా ఉంచండి." బయటి నుంచి ఒక రాయి తెచ్చి తలుపు సందులో పెట్టాను.

"తలుపు ఓరగా వదిలిన ఫ్యాన్ ఆపరేటర్ని ఎక్కడైనా చూశావా?"

"ఫ్యాను ఆగిపోయిందండీ."

"రూలు ఆగలేదు" అన్నారు. నా ముఖం చూసి, "సరేలే, రాయి పెడతాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

సోమవారం

కంపెనీ పెద్దసార్లు గురువారం వస్తున్నారట! వాచ్‌మన్ బాబాయ్ కళ్లు తెరిచి మరీ చెప్పాడు. గేటుకు రంగు వెయ్యమన్నారట. తెరవకపోతే గేటుకు రంగెందుకు? వీధంతా ఇదే మాట. మామయ్య, "చూశావా, మావాడు తొందరపడి వెళ్లిపోయాడు, అయినా వాడికేంలే, అక్కడ బాగానే ఉంది" అన్నారు.

ఈయన గడ్డం గీసుకున్నారు. నేను కత్తెర తీసుకెళ్లి జుట్టు కత్తిరించాను. కాజాల కత్తెరతో మెట్లు మెట్లుగా వచ్చింది. కిటికీ అద్దంలో చూసుకుని, "ఈ తలతో డ్యూటీకి వెళ్తే ఫ్యాను తిరగనంటుంది" అన్నారు. ఇద్దరం ఎంత నవ్వామో. చాలాకాలం తరవాత ఆయన భుజం మీద తల పెట్టుకున్నాను. గ్రీజు వాసన.

గురువారం

వచ్చారు.

ఏ వారమో

రాయకపోతే ఇంకోలా గుర్తుంటుంది. అందుకని రాస్తున్నాను.

పొద్దున్నుంచే మబ్బు. గాలి లేదు, ఉక్క. రెండు జీపులు గేటు దగ్గర ఆగడం చూసి పైకి పరిగెత్తాను. "వచ్చారు, దాక్కోండి. నేను వచ్చి పిలిచేదాకా బయటికి రావద్దు" అన్నాను. దాక్కోమన్నది నేనే. మబ్బు చూశాను. ఆయనా చూశారు. గని గురించి మా ఇద్దరికీ తెలియంది ఏమీ లేదు. "తలుపుకి రాయి పెట్టండి" అని కూడా అన్నాను. అన్నాను. అదీ రాసుకోవాలి.

"ముందు వెళ్లి వాళ్లేమంటున్నారో విను" అన్నారు.

విన్నాను. అదే నేను చేసింది. వాచ్‌మన్ బాబాయ్ గదిలో వాళ్లకు టీ కాచాను. పెద్దసారు పట్టాలను బూటుతో తట్టి చూశాడు. హాలేజీ డ్రమ్ము చుట్టూ టేపు పెట్టి కొలిపించాడు. చినుకులు మొదలైతే నేనే గొడుగు పట్టుకుని అతని వెనక నడిచాను. "తెరుస్తారా సార్?" అని అడిగాను.

"అన్నీ చూస్తున్నాం అమ్మా" అన్నాడు.

అది అవుననే అనుకున్నాను. ఇంకోసారి టీ కాచాను. కాచకుండా పైకి వెళ్లాల్సింది. పూర్తిగా విని, నోరు తీపి చేసే కబురు తీసుకెళ్దామనుకున్నాను.

"ఆ పైన ఏముంది?" అని అడిగాడు సారు.

"ఫ్యాన్ హౌస్ సార్."

"మోటారుందా? పోయిందా?"

"ఉంది సార్, కొత్తదానిలా ఉంది" అన్నాను. గర్వంగా అన్నాను.

"బరువెంత ఉంటుంది?" అని పక్కనున్న మనిషిని అడిగాడు.

అప్పుడు తెలిసింది. తూకానికి. గని మొత్తాన్ని పాత ఇనుము కింద తూకానికి వేస్తున్నారు. గేటుకు రంగు, లోపలి సరుకు కొనేవాడు ముఖం చిట్లించకుండా ఉండటానికి. వాన పెరుగుతోందని వాళ్లు ఫ్యాన్ హౌస్ వైపు రానేలేదు. అటు చూడనైనా చూడలేదు.

ఈ మాట ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వెళ్లాను. మెల్లగా నడిచాను. ఆలస్యమైతే మంచిదన్నట్టు నడిచాను.

మోటారు గదిలో ఎవరూ లేరు. రాయి గోడ వారగా ఉంది. కాలికి అడ్డం రాకుండా పక్కకు సర్ది పెట్టారు. తలుపు మూసి ఉంది, గడియతో సహా.

ఊపిరి బిగబట్టి, గడియ తీసి గుంజాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి. రెక్కలు పట్టుకుని లాగాను. గడప దాటించలేకపోయాను. బయటికి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ వెళ్లాను. మళ్లీ వచ్చాను. అరిచాను. వాచ్‌మన్ బాబాయ్, జీపు డ్రైవర్లు పరిగెత్తుకొచ్చారు. జీపులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, నా వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

వాళ్లు రాలేదు కదా అటు. తలుపు బార్లా తెరుచుకుని కూర్చున్నా ఎవరూ చూసేవాళ్లు కాదు. మరెవరైనా అయితే తెరుచుకునే కూర్చునేవాళ్లు. ఈయన చెయ్యి ఒప్పుకోలేదు.

అదే రోజు సంగతి, ఆదివారం రాస్తున్నాను

ఇంటికి తీసుకొచ్చేసరికి వాన వెలిసింది. వాచ్‌మన్ బాబాయ్, ఇంకో ముగ్గురు మోసుకుని వరండా ఎక్కారు. మామయ్య మంచం మీంచి లేచారు.

"ఎవర్నిరా? మా ఇంటికి తెచ్చారేంటి?"

"అన్నా... మీవాడే" అన్నాడు బాబాయ్. నడుముకున్న తాళాలు చప్పుడు చెయ్యకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మతి పోయిందా నీకు? మావాడు డ్యూటీలో ఉన్నాడు."

"ఒకసారి చూడు అన్నా."

మామయ్య వంగి చూశారు. చాలాసేపు చూశారు. జుట్టు వైపు వేలు చూపించి, "మావాడు ఇంత అడ్డదిడ్డంగా కత్తిరించుకోడు" అన్నారు. "ఇంత చిక్కిపోయి ఉండడు. అక్కడ మెస్సులో బాగానే తింటున్నాడు. కారం కాస్త ఎక్కువంతే. ఎవరో పాపం, పోలిక ఉంది. వాళ్లవాళ్లకు కబురు పెట్టండి."

వీధి వీధంతా గుమ్మం ముందు నిలబడి ఉంది. టైలరక్క నోరు నొక్కుకుంది.

"మా కోడల్ని అడగండి. మొన్ననే ఫోను వచ్చింది. చెప్పమ్మా వీళ్లకి, వాడు కాదని."

ఒక్క క్షణం కాదని అందామనిపించింది. రాసుకుంటున్నాను, అనిపించింది. కాదంటే మేడ మీద ఆ గది ఉంటుంది, తూర్పు కిటికీ ఉంటుంది, అందులో దగ్గని మనిషి ఒకడు కొత్త బూట్లు విప్పుకుంటూ ఉంటాడు. నన్ను తీసుకెళ్తానన్నాడు ఆ మనిషి.

"ఆయనే మామయ్యా" అన్నాను.

మామయ్య కొడుకు వైపు చూడలేదు. నా వైపే చూశారు. కోపం లేదు ఆ ముఖంలో. లెక్క కుదరని పిల్లవాడు పంతుల్ని అడిగినట్టు అడిగారు.

"అయితే అక్కడ పని చేస్తున్నదెవరమ్మా?"

ఆ తరవాత అన్నీ జరిగాయి. ఎవరెవరో వచ్చారు, వెళ్లారు. మామయ్య తినిపిస్తే తింటున్నారు. ఇది రాస్తుంటే వరండాలోంచి మళ్లీ అడిగారు, అదే మాట, అంతే మెత్తగా.